కొర్రలు పుచ్చుకున్న తీతువు

మడుగు పక్క ఇసుకలో గూళ్లు పెట్టుకునే పిట్టలన్నిటికీ ఒక ముసలి తీతువే కాపలా. ఏనుగుల మంద నీళ్లకు బయల్దేరిందంటే చాలు, గొంతు చించుకుని అరిచేది. పిట్టలు పిల్లల్ని వెంటబెట్టుకుని తుప్పల్లోకి ఉరికేవి. అయినా ఏ తల్లయినా ఏనుగు కాలి కింద పడిపోతే, దాని పిల్లల్ని తీతువే సాకేది.

ఆ ఏడు కరువొచ్చింది. పిల్లలు ఆకలికి సొమ్మసిల్లుతుంటే, ఏనుగు రాజు పంపాడంటూ నక్క కొర్రల మూట మోసుకొచ్చింది.

“రాజుగారు నీ సేవ మెచ్చుకున్నారమ్మా. ఇక రోజూ పంపిస్తారు. ఒక్కటే మాట. ఆయన గింజలు తింటూ ఆయన మందను చూసి అరవకూడదు.”

తీతువు పిల్లల వంక చూసింది. సరేనంది.

పిల్లలు కోలుకున్నాయి. ఒక సాయంత్రం తుప్పల వెనక నేల అదిరింది. గొంతు దాకా వచ్చిన అరుపును తీతువు మింగేసింది. అరుపు వినపడలేదు కదా అని పిట్టలేవీ గూళ్లు వదల్లేదు.

మర్నాడు నక్క రెండు మూటలు తెచ్చింది. “తల్లిలేని పిల్లలు ఎక్కువయ్యాయి కదా, రాజుగారు గింజలూ పెంచారు. ఎంత మంచి మనసో చూడు!”

బతికిన పిట్టలు వేరే మడుగు వెతుక్కుంటూ వెళ్లిపోయాయి. ఒక్కటీ తీతువును పలకరించలేదు. అంత ఇసుకలో పెద్ద పిట్టంటూ అదొక్కతే మిగిలింది.

చీకటి పడుతుండగా, కొత్తగా చేరిన పిల్ల దాని రెక్క కిందికి దూరింది.

“పెద్దమ్మా, ఏనుగులొస్తున్నాయని మా అమ్మకు ఎవరూ చెప్పలేదా?”

తీతువు ఒక గింజ తీసి ఆ పిల్ల నోట్లో పెట్టింది.