కాదనని మాస్టారు

కొత్త టైంటేబుల్‌లో ఒకే పేరు ఎదురుగా వారానికి ముప్పై రెండు గంటలు వేశారు. మిగతావాళ్లకి పన్నెండు దాటలేదు.

“మాస్టారి పుణ్యమా అని నాలుగింటికల్లా ఇల్లు చేరుతున్నాం,” అని స్టాఫ్ రూంలో లెక్చరర్లు నవ్వుకున్నారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

టైంటేబుల్ సంగతి తెలిసి మాస్టారి భార్య డిపార్ట్‌మెంట్ హెడ్ గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఇరవై ఏళ్లు మీకే చేశారు. ఇంటికొచ్చినా పేపర్లు దిద్దడమే. మాకు ఆయన వీపు తప్ప మొహం కనబడేది కాదు. ఇంకా తీరలేదా సార్ మీకు? ఇకనైనా ఆయన్ని వదిలెయ్యండి.”

“నేనేమన్నా బలవంతపెట్టానా అమ్మా? ఎన్ని సెక్షన్లకైనా సరేనని ఆయనే సంతకం పెట్టారు.” హెడ్ ఫైలు తీసి చూపించాడు. “సెలవడగరు, ఆలస్యం చెయ్యరు. సందేహాలకి ఆగరన్న మాటే గానీ, పిల్లల నుంచి వేరే ఫిర్యాదే లేదు.”

“కాదనరనేగా అన్నీ ఆయన నెత్తిన రుద్దుతున్నారు!”

హెడ్ ఫైలు మూసేశాడు. ఆమె గొంతు తగ్గింది.

“మా అమ్మాయి ఈ ఏడే ఇక్కడ చేరింది సార్. వారానికి నాలుగు గంటలు వాళ్ల నాన్న క్లాసులోనే కూర్చుంటోంది. ఇంటికొచ్చి ముద్ద ముట్టదు. ‘ముందు బెంచీలోనే కూర్చున్నానమ్మా, నాన్న నావైపు ఒక్కసారైనా చూళ్లేదు’ అని ఒకటే ఏడుపు.”

“పోనీ, సెక్షన్ మార్చమంటారా?”

“ఏ సెక్షన్‌కి మార్చినా ఆయనేగా!”

అది నిజమే.

“దాని చదువయ్యేదాకా, మూడేళ్లు చాలు. మీకు దణ్ణం పెడతాను,” అందామె.

“కుదరదమ్మా. ఆయన్ని తప్పిస్తే నలుగుర్ని వెతకాలి. ఆ నలుగురూ సెలవులంటారు, పిల్లలకి జ్వరాలంటారు. ఎక్కడ చావను?”

ఆమె కొంగుతో కళ్లొత్తుకుని వెళ్లిపోయింది.

ఎంతైనా మనిషే కదా, హెడ్‌కి మనసు చివుక్కుమంది. గుమాస్తాని లోపలికి పిలిచాడు.

“మాస్టారు పోయి రేపటికి ఏడాదట, పాపం ఆ ఒక్కరోజుకీ ఆయన వీడియోలు వెయ్యకండి.”