పై వాటాలో మిషను

నాకు నోరు లేదని మా ఇంట్లో అందరి నమ్మకం. ఇంత చదివినా నోరెత్తదు, మంచిపిల్ల అంటారు. నేను మాట్లాడనిది అన్నీ వింటున్నందువల్లేనని ఎవరికీ తోచలేదు.

ఓటర్ల జాబితా సరిచూసే ఉద్యోగి వచ్చినప్పుడు నేను వంటింట్లో ఆయనకోసం మంచినీళ్ళు పోస్తున్నాను.

"పై వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఉంటున్నారా అండీ?"

"ఎప్పుడో ఖాళీ చేసింది," అన్నాడు నాన్న.

దొంగ ఓట్లు ఏరిపారేయాలని వారం రోజులుగా వీధి గుమ్మంలో గొంతు చించుకుంటున్న మనిషి నాన్నే. ఆవిడ మా పైన ఉండబట్టి ఆరేళ్ళు. అయినా నాన్న లెక్కలో నిన్నగాక మొన్న వచ్చిన మనిషే, ఆవిడకి ఇక్కడ ఓటేమిటి?

సరిగ్గా అప్పుడే పైన కుట్టుమిషను టకటకా మొదలైంది. ఉద్యోగి తలెత్తి కప్పుకేసి చూశాడు.

"మా అమ్మాయండీ!" నాన్న నవ్వేశాడు. "దానికి నోరు తక్కువ, చేతిపని ఎక్కువ. పొద్దస్తమానం కుడుతూనే ఉంటుంది."

ఉద్యోగి ఆవిడ పేరు కొట్టేయడానికి కలం తీశాడు.

నేను గ్లాసుతో ముందుగదిలోకి వచ్చాను. నాన్న కళ్ళతోనే లోపలికి పొమ్మన్నాడు. పైన మిషను ఆగలేదు.

గ్లాసు ఉద్యోగి చేతికిచ్చాను.

"ఈయనకి నేనొక్కదాన్నే కూతుర్నండీ," అన్నాను.