కారు కదిలిన తర్వాత

కారు కదిలింది. కిటికీలోంచి ఎర్ర విసనకర్ర రోడ్డు మీద పడింది.

అంతే. తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది.

"మళ్ళీ అక్కడే!" యాఛిన్ మౌస్‌ని బల్లకేసి కొట్టింది.

పెళ్లయి నెల దాటింది. ఆ వీడియో ఒక్కసారీ చివరిదాకా ఆడలేదు.

"బుద్ధిగా ఉండమని దీని నెత్తిన ఆకుపచ్చ చిరుతిళ్ళ ప్యాకెట్ కూడా పెట్టాను. ఊళ్ళో కంప్యూటర్లన్నీ దానికి లొంగుతాయి, మనది తప్ప!" అన్నాడు మింగ్‌జె. "పెళ్లికూతురు విసనకర్ర పారేస్తే కోపం పుట్టింట్లోనే ఉండిపోతుందంటారు. నీది మాత్రం నీ వెనకాలే కారెక్కింది."

ఆమె అతని చెవి మెలేసింది. ఇద్దరూ విరగబడి నవ్వారు.

నవ్వింది గానీ, యాఛిన్ మనసు ఆ వీడియో మీదే ఉంది. ఆమెకి ఊహ తెలియకముందే నాన్న సముద్రంలో పోయాడట. ఒంటిచేత్తో పెంచిన అమ్మ, పెళ్లిరోజు కూడా కన్ను తడి కానివ్వలేదు. కారు వెళ్ళిపోయాకైనా ఏడ్చిందా? అది చూడాలని ఆమె ఆశ.

"పాతది కదా, మెమరీ చాలట్లేదు. ఇంకో ముక్క వేస్తే పరిగెడుతుంది," అన్నాడు మింగ్‌జె.

తైపేలో వంతెన కింది కంప్యూటర్ల బజారుకి వెళ్ళారు. ఏ కొట్టులో అడిగినా ఒకటే మాట.

"ఈ రకం ఇప్పుడు రావట్లేదమ్మా. దొరికినా, ఆ డబ్బుకి ఇలాంటి కంప్యూటరే ఇంకోటి వస్తుంది."

మెట్ల పక్కన ఒకాయన ప్లాస్టిక్ బేసిన్ ముందేసుకుని కూర్చున్నాడు. నిండా పాడైన కంప్యూటర్లలోంచి పీకిన మెమరీ ముక్కలు. వాటి అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మెరిపిస్తున్నాడు.

"బాబాయ్, ఇలాంటిది ఉందా?" యాఛిన్ తమ పాత ముక్క చూపించింది.

ఆయన తలెత్తాడు. చేతిలో రబ్బరు జారిపోయింది.

"ఏం బాబాయ్, కొత్త పెళ్లికూతుర్ని ఎప్పుడూ చూళ్ళేదా?" అన్నాడు మింగ్‌జె.

"చూశాను బాబూ." జారిన రబ్బరు అందుకున్నాడు. "దేనికమ్మా ఇది?"

"మా పెళ్లి వీడియో ఆగిపోతోంది. సరిగ్గా కారు కదలగానే."

బేసిన్‌లో ఆయన చెయ్యి ఆగింది.

"ఆ తర్వాత ఏముంటుంది తల్లీ? ఖాళీ రోడ్డేగా. అక్కడికి ఆగడమే మేలేమో."

"అమ్మడానికి కూర్చున్నావా, నీతులు చెప్పడానికా?" కసిరింది యాఛిన్.

ఆయన బేసిన్‌లోకి వంగాడు. వెతికి ఒక ముక్క తీశాడు. గాట్లు సరిపోయాయో లేదో రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. అప్పటికే మెరుస్తున్న అంచుని మళ్ళీ రుద్దాడు. రుద్దుతూనే ఉన్నాడు.

"ఎంత?"

"నీకు తోచినంత ఇయ్యమ్మా."

"దొంగసరుకే," మింగ్‌జె ఆమె చెవిలో అన్నాడు, ఆయనకి వినపడేంత గట్టిగా.

యాఛిన్ ఒక నాణెం విసిరింది. "ఇంద, సోయా పాలు తాగు."

నాణెం తీసుకోవడానికి ఆయన వంగాడు. చొక్కా కిందనుంచి ఎర్ర విసనకర్ర బయటపడింది. దాని పిడికి ఎర్ర రుమాలు కట్టి ఉంది.

యాఛిన్ మొహం మారిపోయింది. ఎర్ర రుమాలు కట్టారంటే అది పెళ్లికూతురి విసనకర్రే. పుట్టింటివాళ్ళే తీసి దాచాల్సింది. పరాయివాడు తీస్తే, పిల్ల అదృష్టం వాడి వెంట పోయినట్టే. తనది మేనమామ తీశాడని అమ్మ చెప్పింది.

"ఏ పెళ్లి దగ్గర కాపుకాసి కొట్టేశావ్?"

"కొట్టెయ్యలేదమ్మా. నా దగ్గర ఉండాల్సిందే అది."

"నీ దగ్గరా? ఏ పిచ్చిదాని అదృష్టమో నీ చెమటలో నానుతోంది!"

లాక్కుంది. ఆయన లేచి చేతులు జోడించాడు.

"ఈ ముక్కలన్నీ తీసుకుపో, బేసిన్‌తో సహా. అది మాత్రం ఇచ్చెయ్యి తల్లీ."

ఆమె దాన్ని మోకాలికేసి విరిచింది.

జనం మూగారు. కావలివాళ్ళు వచ్చారు. "దొంగ," అన్నాడు మింగ్‌జె. ఇక ఎవరూ ఏమీ అడగలేదు. ఒకడు బేసిన్‌ని తన్నాడు. మెమరీ ముక్కలు మెట్ల మీంచి గలగలా జారిపోయాయి.

"మళ్ళీ ఈ ఛాయల్లో కనపడ్డావో!"

ఆయన వాటివైపు చూడనే లేదు. మోకాళ్ళ మీద పాకుతూ విరిగిన వెదురు పుల్లలు ఏరుకుంటున్నాడు.

"చెప్పానా, నీ కోపం పుట్టింట్లో ఉండలేదని!" దారి పొడుగునా మింగ్‌జె నవ్వుతూనే ఉన్నాడు. ఆమె కూడా నవ్వింది. నాణేనికే మెమరీ దొరికింది మరి! మిగిలిన డబ్బుతో ఇద్దరూ మామిడి ఐస్ తిన్నారు, ఒకే గిన్నెలో.

ఇంటికొచ్చి ముక్కని లోపల పెట్టి నొక్కితే టక్కున కూర్చుంది.

"ఆడు తల్లీ!" ఆకుపచ్చ ప్యాకెట్‌కి దండం పెట్టింది యాఛిన్.

కారు కదిలింది. విసనకర్ర రోడ్డు మీద పడింది. బొమ్మ ఆగలేదు.

"అబ్బ!" ఆమె మింగ్‌జె మెడ వాటేసుకుంది.

తెర మీద అమ్మ, ఆనవాయితీ ప్రకారం గిన్నెలో నీళ్ళు కారు వెనకాల పారబోసింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. మేనమామ విసనకర్ర కోసం వంగాడు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

వీధి అవతలినుంచి ఒకాయన వచ్చాడు. రోడ్డు మీద మోకరిల్లి, రెండు చేతులా విసనకర్ర అందుకున్నాడు. పెన్సిల్ రబ్బరు పట్టుకున్న ఆ చేతులే.

"ఎవరండీ ఆయన? తీసేస్తున్నాడు!" వీడియో తీసేవాడి గొంతు.

అమ్మ అప్పుడు కళ్ళు తుడుచుకుంది.

"సముద్రంలో పోయాడని పిల్లకి నేను అబద్ధం చెప్పిన మనిషి బాబూ... తీసుకోనీ, దాని కన్నతండ్రి."