ఆరున్నొకటి

"ఏడు అనండి పిన్నిగారూ! నోరేమీ పడిపోదు."

"అనను బాబూ. ఆరున్నొకటి అంటాను. ఇష్టం లేకపోతే ఇంకొకరి చేత చుట్టించుకో."

ఇంజినీరుకు ఒళ్ళు మండింది. కాయిల్ చుట్టడంలో పిన్నిని మించిన చెయ్యి ఆ వర్క్‌షాపులో లేదు. మొండితనంలోనూ అంతే. ఏడంటే ఏడుపట! మొన్న ఆవిడ "ఆరున్నొకటి" అంటుంటే, గుమాస్తా "ఆరు" దాకా విని రాసేసుకుపోయాడు. ఆ లెక్కన చుట్టిన రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ రెండు బోర్డుల్ని టప్పుమని పేల్చాయి.

పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెకు పవర్ సప్లై అది. ఫార్వర్డ్ పద్ధతిలో చేస్తే పక్కన ఇంకో కాయిల్ కావాలి, పెట్టె కింద అంత చోటు లేదు. అందుకని ఒక్క ట్రాన్స్‌ఫార్మర్‌తోనే సరిపోయే ఫ్లైబాక్ పద్ధతి ఎంచుకున్నాడు. ఇవతల మెయిన్ కరెంటు వైపు అరవై చుట్లు, మీద మూడు పొరల పసుపు టేపు, ఆపైన పెట్టెలో పాప ఉండే వైపు ఏడు చుట్లు. రెండు తీగలూ ఒకదానికొకటి తగిలితే ప్రాణాలకే ముప్పు.

"తగలకపోయినా కరెంటు దాటుతుందిగా?" తీగ లాగుతూ అడిగింది పిన్ని.

"దాటుతుంది."

"మాటా అంతే. చుట్టేటప్పుడు ఏదంటే అది అవతలికి చేరుతుంది. ఒక్కసారి నోరు జారాను. ఆ పూట అవతల ఇల్లంతా ఏడ్చింది."

నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. అంతలో ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి అమ్మ.

"చెల్లికి పాప పుట్టిందిరా... ఏడవట్లేదురా! వెచ్చబెట్టే పెట్టెలో పెట్టి వీపు రుద్దుతూనే ఉన్నారు. ఒళ్ళు నీలంగా అయిపోతోంది..."

ఫోన్ చేతిలోంచి జారి నేల మీద పడింది. తెర నల్లబడిపోయింది. ఎంత నొక్కినా వెలగలేదు. చంకనేసుకుని తిప్పిన చెల్లెలు కళ్ళ ముందు మెదిలింది.

"పాప ఏడవట్లేదట పిన్నీ!"

పిన్ని అతడి మొహంలోకి చూసింది. అప్పటికి ఆరు చుట్లయ్యాయి. చివరి చుట్టు తిప్పి, కాయిల్‌ను నోటి దగ్గరికి తెచ్చుకుని, మాట వినని పిల్లను గద్దించినట్టు గట్టిగా అంది.

"ఏడు!"

దేనికీ తగిలించని తీగ కొస సన్నగా వణికింది. ఇద్దరూ దాన్నే చూస్తూ ఉండిపోయారు.

మళ్ళీ మళ్ళీ నొక్కగా ఎప్పటికో ఫోన్ వెలిగింది. వెలగడమే ఆలస్యం, మోగింది.

"ఏడ్చిందిరా! కెవ్వుమని ఏడ్చింది!" అమ్మ తనూ ఏడుస్తూ నవ్వుతోంది. అంతలోనే గొంతు తగ్గించింది.

"ఒరేయ్, ఆ పెట్టెలోంచి 'ఏడు' అని గద్దించిన ఆవిడెవర్రా? గదిలో అందరం విన్నాం."