కోడలి చేతి సూది

“నీ చేత్తో మాత్రం నాకు సూది వద్దు,” అంది అత్తగారు, స్కానింగ్ బల్ల మీద పడుకుని చేతిని దుప్పటి కింద దాచేసుకుంటూ.

సూది పట్టుకుని నిలబడ్డ కోడలికి తల కొట్టేసినట్టయింది. ఈ స్కానింగ్ సెంటర్లో రోజూ ఊళ్లో ఇంతమందికి సూదులు వేసే చేయి ఇంటి మనిషికి పనికిరాకుండా పోయింది. పొద్దున పాలు మాడినందుకు ఇద్దరూ మాటా మాటా అనుకున్న సంగతి నిజమే. అంతమాత్రానికేనా?

“అత్తయ్యా, ఎక్స్‌రేలో ఛాతీలో కనిపించిన ఆ నీడేంటో తేలాలంటే ఈ మందు ఎక్కించాల్సిందే. మొండికేస్తే ఎలా?”

“ఎక్కించండి, వద్దన్నానా? నువ్వు కాదు. ట్యూబులో గాలి బుడగ ఉంటే నరంలోకి పోతుందట కదా?”

“చిన్నవి పోయినా ఏమీ కాదు. అయినా ఒక్కటి కూడా లేకుండా చూస్తాను.”

“చూడు. చూసి ఇంకొకరికివ్వు.”

అత్తగారు పట్టిన పట్టు విడిచే రకం కాదు. కోడలు మూతి బిగించుకుని పక్క గది టెక్నీషియన్‌ని పిలిచింది. అతను ఈల వేసుకుంటూ వచ్చి, సూది గుచ్చి, ట్యూబు తగిలించాడు. “అచ్చం మా అబ్బాయిలా ఉన్నావు నాయనా,” అని అత్తగారు మురిసిపోయింది. అద్దం గోడ వెనక కోడలికి ఒళ్లు మండింది.

స్కాన్ అయిపోయింది. తెర మీద బొమ్మ చూసిన కోడలు కుర్చీలోంచి లేచి నిలబడింది. పెద్ద రక్తనాళంలో చిన్న నల్లటి చుక్క. గాలి బుడగే. పక్కనున్న టెక్నీషియన్ ఈల కూడా ఆగిపోయింది.

డాక్టరుగారు మాత్రం తేలిగ్గా నవ్వేశారు. “ఆవగింజంత కూడా లేదు, దానంతటదే కరిగిపోతుంది. కాసేపు కదలకుండా పడుకోబెట్టమ్మా. ఛాతీలోది పాత మచ్చే, కంగారేం లేదు.”

దాచడానికి కోడలికి మనసొప్పలేదు. లోపలికి వెళ్లి, అత్తగారి చేయి పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

“బుడగ లోపలికి వెళ్లిందా?” అత్తగారి ముఖం వెలిగిపోయింది. “హమ్మయ్య. నీ చేత్తో కాదుగా.”

కోడలికి కళ్లనీళ్లు తిరిగాయి. “నా మీద అంత నమ్మకం లేదా అత్తయ్యా?”

“నీ మీద లేకేమే, పిచ్చిమొహమా. నాకేమైనా అయితే, పోట్లాడి కోడలే గాలి ఎక్కించిందని నీ ఆడపడుచు ఊరంతా టముకు వెయ్యదూ? దాని నోరు నాకు తెలీదా, కన్నదాన్ని.”