సాలీడు కట్టిన గూడు

"నా సాలీడు సీసాల్ని మెట్లకింద పెట్టిందెవరు?" పరిశోధకుడు ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"నేనేనండీ. తమ్ముడు పదిరోజులుగా హాల్లోనే పడుకుంటున్నాడని ఇవాళ పైగది ఖాళీ చేశాను," అంది భార్య.

"నన్నడగొద్దూ?"

"మీరు ల్యాబ్‌లో ఉన్నారు."

ఖర్మ! నెలరోజుల్లో అతను పరిశోధన పూర్తిచేసి అప్పజెప్పాలి. నలభై సీసాలకూ సమంగా వెలుతురు పడే గది ఇంట్లో అదొక్కటే. ఓడ ఉద్యోగం నుంచి సెలవుమీద దిగిన బావమరిది అందులో ఈల వేసుకుంటూ తిష్ఠవేశాడు. ఇలాగే సాగితే ఆరేళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

పైగా పదిరోజుల్లో అందర్నీ బుట్టలో వేసుకున్నాడు. భార్య ఐదింటికే లేచి వాడికి టీ పెడుతోంది. ఏడేళ్ళుగా పరిశోధకుణ్ణి చూసి మొరుగుతున్న వీధికుక్క, బావమరిది కనబడితే చాలు, తోకాడిస్తూ కాళ్ళమీద పడుతోంది. మొన్న కరెంటు పోతే వాడు చీకట్లో తడుముకోకుండా తిన్నగా ఫ్యూజు దగ్గరికి నడిచాడు. ఎంత చొరవ!

"ఇవాళే పంపించెయ్," అన్నాడు భార్యతో.

"అదేంటండీ, ఈ ఇల్లు..."

"ఈ ఇల్లు సత్రం కాదు! నువ్వు చెప్పలేకపోతే నేనే చెప్తాను."

ఒక సీసా పట్టుకుని విసవిసా మేడెక్కాడు. బావమరిది స్టూలెక్కి కిటికీకి మేకు కొడుతున్నాడు.

"వదులైపోయింది బావా. మళ్ళీ ఇక్కడ పెట్టాక గాలికి తలుపు కొట్టుకుంటే మీ సీసాలు పగిలిపోతాయి."

"అది సరేగానీ, దీన్ని చూడు. సాలీడు వీపుమీద పురుగుంది, కనబడిందా? కందిరీగ పిల్ల. దీని రక్తం తాగుతూ బతుకుతుంది."

"అయ్యో! సాలీడు ఊరుకుంటుందా?"

"దానికి తెలిస్తేగా! చివర్లో ఆ పురుగు సాలీడు బుద్ధినే మార్చేస్తుంది. తన గూడు మానేసి పురుగు కోసం గట్టి గూడు అల్లిపెడుతుంది పిచ్చిది. అల్లాక ఆ పురుగు సాలీణ్ణే తినేస్తుంది."

బావమరిది సీసాను వెలుతురుకి పట్టి చాలాసేపు చూశాడు.

"పాపం. మరి తను చేసేది తప్పని ఆ పురుక్కైనా తెలుస్తుందా బావా?"

"పురుక్కేం తెలుస్తుంది? తన తిండి, తన గూడు, అంతే!" పరిశోధకుడికి చిర్రెత్తుకొచ్చింది. "నీకింత విడమరిచి ఎందుకు చెప్తున్నానో అర్థమైందా, లేదా?"

"అర్థమైంది బావా."

బావమరిది మిగిలిన మేకులు కూడా కొట్టాడు. తలుపు లాగి చూసుకున్నాడు. నలభై సీసాల్నీ ఒక్కొక్కటే తనే పైకి చేరవేశాడు. సాయంత్రానికి పెట్టె సర్దుకున్నాడు. కుక్క వీధి చివరిదాకా వెంటపడింది.

హమ్మయ్య! పరిశోధకుడు సీసాల్ని వరసగా పేర్చుకుని, చల్లబడ్డ ప్రాణంతో కిందికి దిగాడు. భార్య గేటు దగ్గరే నిలబడి కళ్ళొత్తుకుంటోంది.

"ఎక్కడుంటాట్ట?"

"సెలవయ్యేదాకా లాడ్జిలో."

"నామీద చాడీలేమైనా చెప్పాడా?"

"లేదండీ," అంది ఆమె. "తన ఇంట్లో మీకే లోటూ రానివ్వద్దన్నాడు."