జీపు పందేనికి హెల్మెట్

టెక్కలి హెల్మెట్ల కొట్లో గౌరీశంకర్ అరగంటలో ఏడు హెల్మెట్లు పెట్టి తీశాడు. పెట్టినప్పుడల్లా అద్దంలో మీసం సరిచూసుకున్నాడు. భార్య హేమలత స్టూలు మీద కూర్చుని ఓపిగ్గా చూస్తోంది.

ఆదివారం వజ్రపుకొత్తూరు ఇసుకలో జీపుల పందెం. వాళ్ల జీపుకి పైకప్పు లేదు.

"టాపు లేని బండి బావూ. ముందెళ్లే బండి సక్రాల నుంచి ఇసకా రాళ్లూ లేచి మొకానికే కొడతాయి. గెడ్డం దాకా మూసుండేది తీసుకోండి," అన్నాడు కొట్టాయన.

"అది పెడితే నానని ఎవులికి తెలుస్తాది? వచ్చే ఎలచ్చన్లలో సర్పంచికి నిలబడతన్నాను. జనం నా మొకం సూడాల," అంటూ గౌరీశంకర్ ముందు భాగం లేని ఎర్ర హెల్మెట్ ఎంచుకున్నాడు. "పందెమంటే గుండెలో దమ్ముండాల గానీ, గెడ్డానికి మూతెందుకు?"

హేమలత లేచింది. గడ్డం మూసే హెల్మెట్ తలకు పెట్టుకుని, బెల్టు బిగించి, తల గట్టిగా అటూ ఇటూ విదిలించి చూసింది. అది కదల్లేదు.

"ఇలాటివి రెండియ్యండి అన్నయ్యా."

"మీరూ ఎక్కుతారా అమ్మా?" కొట్టాయన ఆశ్చర్యపోయాడు.

"తోలేది నానే. ఈయన పక్కన కూకుని జనానికి సెయ్యూపుతాడు. మొన్న ప్రాక్టీసులో మొదటి మలుపుకే కళ్లు మూసుకుని, ఆపేయ్ ఆపేయ్ అని నా జబ్బ పట్టుకున్నాడు."

గౌరీశంకర్‌కు అప్పుడే ఫోను వచ్చినట్టుంది. మోగకపోయినా చెవికి ఆనించుకుని కొట్టు బయటికి నడిచాడు.